మూడు వేళ్ళు

బెళ్ళందూరు గేటుకు ఎదురుగా నా అంగడి.
టీ పది, పక్కన తెల్లంగా ఒకటి, ఇరవై.
విడిగా అమ్మకూడదంట.
అందరూ విడిగానే కొంటారు.
కొడి అంటాడొకడు, కుడు అంటాడొకడు,
ఇయ్యన్నా అంటాడు మన కదిరోడు.
మూడు భాషల్లోనూ చెయ్యి ఒకే మాదిరి చాపుతారు.

కొక్కేనికి తాడు కట్టి లైటరు వేలాడదీసినా.
పొద్దున్నించీ దానికి వంగని తల లేదు.
మా ఊరి నరసింహసామి ముందర గూడా
ఇంత వరసగా వంగింది నేను చూళ్ళేదు.

టీలో మిగిలేది బాడుగకు సరి.
పిల్లోడి ఫీజు ఆ డబ్బాల మీదే.
దాచిపెట్టుకునే సంగతి కాదు గదా ఇది.

తన్మయి అని, ఆరో అంతస్తులో పని.
మెళ్ళో తాడుకు ఒకటి వేలాడేది,
పెన్‌డ్రైవ్ అనుకున్నా.
ఊదితే మామిడిపండు వాసన.
"సిగరెట్ మానేదానికే అన్నా ఇది" అనింది.
ఆర్నెల్లకు
మామిడీ ఉండాది, సిగరెట్టూ ఉండాది,
లిఫ్టు చెడిపోయిన రోజు
రెండో అంతస్తు మెట్ల మీద కూలబడిన ఆయాసమూ ఉండాది.

ఒక మంగళవారం, వానకు ముందర,
ఆ పెన్‌డ్రైవ్ నా గల్లాపెట్టెలో పడేసి
"ఓబులన్నా, రేపట్నించీ నేనడిగినా ఇయ్యొద్దు" అనింది.
అమ్మేవాణ్ణి అడిగే మాటేనా అది?
సరే అన్నా. ఎందుకన్నానో.

మూడోరోజు వచ్చింది. ఒక్కటే, అనింది.
లేదన్నా.
సగం చాలు, అనింది.
లేదంటే తిట్టింది, ఇంగ్లీషులో కొంచెం,
ఒంగోలు తెలుగులో చానా.
"నీకేం పోయింది, డబ్బులిస్తన్నా గదా!"
ఏమీ పోలేదు. ఇరవై రూపాయలు పోయినాయి.
లవంగమొకటి చేతిలో పెట్టినా.
ఆ గుంజుడు ఐదారు నిమిషాలే ఉంటాదని
ఫోన్లో ఎవరో చెప్పినారంట తనకు.
ఐదు నిమిషాలంటే నాకు ఒకటే కొలత:
పాలు పొంగొచ్చి, మంట తగ్గిస్తే
మళ్ళీ అణిగి కూర్చునేంత సేపు.
నా పాలగిన్నెను చూస్తా నిలబడేది పాప,
కళ్ళల్లో నీళ్ళు, వేళ్ళల్లో వణుకు.

ఒకసారి తప్పింది. పక్కంగట్లో కొనింది.
మర్నాడు తనే వచ్చి చెప్పింది.
మళ్ళీ ఒకటో రోజు.

ఇరవైరెండో రోజు మిరపకాయ బజ్జీలు తెచ్చింది.
నేను గోరంత గోరంత తుంచుకోని తింటాంటే
నా పక్కే చూసింది.
"నోరు తెరువన్నా."
నవ్వినా.
"మూడు వేళ్ళు ఒకదానిమీద ఒకటి పెట్టి
నిలువుగా లోపలికి పెట్టు."
రెండు పట్టలేదు.

సిగరెట్ ముట్టనోణ్ణని ఇన్నేళ్ళూ గొప్ప చెప్పుకున్నా.
దవడ కింద పొడి పద్దెనిమిదేళ్ళుగా ఉండాది,
నిద్రలో గూడా.
మా చినాయన కొడుకు నాగముని
హోసూరు రోడ్డు ఆసుపత్రిలోంచి
సగం దవడతో బయటికొచ్చినాడు.
రాగి జావ గొట్టంతో పీల్చుకుంటాంటే చూసి,
బస్టాపుకొచ్చి,
ఆ వణికే చేతులతోనే పొట్లం చింపినా.

బుగ్గలోపల తెల్లమచ్చ.
కారం తగిలితే నిప్పు.
పండ్లు తోముకునేటప్పుడు అద్దం పక్క తిరగను.
ఇవన్నీ చెప్పలేదు పాపకు.
చెప్పకనే తెలిసినట్టుంది.

నా ఫోన్ లాక్కోని నంబరు నొక్కింది.
"డాక్టరు దగ్గరికి రేపు నేనూ వస్తా.
ఇయ్యాల వీళ్ళతో మాట్లాడు.
తిట్టరన్నా. తప్పినప్పుడు గూడా
నన్నొక్క మాట అనలేదు."

ఫోన్ మోగతా ఉంది.
"ఒందు కింగ్ కొడి" అంటా గిరాకీ.
లైటరు తాడు గాలికి ఊగతా ఉండాది.
అవతల ఎవరో ఆడమనిషి, తెలుగే,
"చెప్పండి" అనింది.

చెప్పాలంటే
ముందు ఉమ్మాల.