తొడిమతో సహా

సంగడిగుంటలో నా మైక్‌సెట్ షాపుది ముప్పై ఏళ్ళ వయసు.
పెళ్ళికొక రేటు, చావుకొక రేటు,
ఎలక్షన్లకయితే అడ్వాన్సు పడందే వైరు ముక్క కూడా కదలదు.
ఎన్ని గొంతులకి మైకు ఎత్తు సరిచేశానో.
చాలామంది మైకు దగ్గరికొచ్చేసరికి
సొంత గొంతుని చెప్పులతోపాటు స్టేజీ కింద వదిలేసేవాళ్ళు.
హలో హలో దాటితే
చెప్పడానికేమీ లేనివాళ్ళూ ఉన్నారు.

ఈ పిల్ల వచ్చి మైకు అడగలేదు.
గోడౌను అడిగింది.
"షామియానాలు మడిచిపెట్టిన గది కదా బాబాయ్,
మాట గోడకి కొట్టుకుని ఎనక్కి రాదు.
మొన్న కిటికీలోంచి చప్పట్లు కొట్టి చూశా."
నిజమే.
ముప్పై ఏళ్ళు అందులో తిరిగినా నాకు తట్టని ముక్క.

పేరు కెజియా. వాళ్ళమ్మ ఏస్తేరు
ఏటుకూరు రోడ్డులో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది,
కిలోకి ఇంతని.

మే నెల. చప్పుడొస్తుందని ఫ్యాను ఆపాం.
ఎర్రగుడ్డ, పసుపుగుడ్డ కట్టల మధ్య
ఎవరెవరి పెళ్ళిళ్ళదో పాత సెంటు వాసన,
ఎలకల వాసన,
ఆ పిల్ల చున్నీలోంచి ఘాటు.
నోరు తెరిచింది.
లారీ మీంచి టిక్కీలు దొర్లినట్టు మాటలు,
ఒకదాని వీపు మీద ఇంకోటి,
ఒక్క కుట్టూ పిగలకుండా.
పాటందామా, రాగం లేదు.
తిట్టందామా, నా వేళ్ళు బల్ల మీద వాటంతటవే ఆడుతున్నాయి.

దరువు కింద టిక్కు టిక్కుమంటుందేందే అనడిగా.
"తొడిమలు ఇరుగుతున్నయ్.
నలభైమంది ఆడాళ్ళు. మధ్యాన్నం అన్నాలకి ముందు,
ఎవరూ మాట్టాడని టైములో ఫోన్లో పట్టా."

ఈ తాలు మాటలు ఎవడు వింటాడన్నాడు వాళ్ళ మేనమామ.
రెండో పాటకి తాలు అనే పేరు పెట్టింది.
యాస కాస్త తగ్గించుకోమ్మా, అందరికీ చేరాలి కదా
అన్నాడు హైదరాబాదు నుంచి ఫోన్లో ఒక పెద్దమనిషి.
అయిదో పాట ఆ ఫోనుతోనే మొదలవుతుంది.

ఆరో పాట మధ్యలో దగ్గొచ్చింది.
కంప్యూటర్లో ఆ కాస్త గీతా పట్టుకుని కత్తిరించబోయా.
"ఉంచు బాబాయ్.
తొడిమ తీస్తే కాయకి రేటొస్తది, కాదన్లా.
ఆ బొక్కలోంచే గింజలన్నీ రాల్తయ్."
ఉంచాను. ఇప్పుడు ఎన్నిసార్లు విన్నా
ఆ దగ్గు దగ్గర నేనే గుటక మింగుతా.

ఎనిమిది పాటలు. ఒక అర్ధరాత్రి లోకంలోకి వదిలేసింది.
క్యాసెట్టు లేదు, అట్టపెట్టె లేదు,
దండ వేద్దామంటే వెయ్యడానికి ఏ వస్తువూ లేదు.
పొద్దున్నే ఏస్తేరు షాపుకొచ్చింది.
ఫోన్లో సన్నగా వినపడతాందట,
పెద్ద బాక్సుల్లో పెట్టమంది.
మీటింగుల బాక్సులు రెండు గుమ్మంలోకి లాగి పెట్టా.
ఎదురు టీకొట్టులో గ్లాసులు వణికాయి.

చివరిదాకా నిలబడే వింది.
కళ్ళు తుడుచుకోలేదు.
ఆ చేతులతో ఎవరూ తుడుచుకోరు.
అయిపోయాక కూతురివైపు తిరిగి
"అంత స్పీడేందే? నిన్నెవురన్నా తరుముతున్నారా?" అంది.

కెజియా కాసేపు వైరు చుడుతూ ఉండిపోయింది.
"ఎప్పుడు మాట్టాడినా మధ్యలో ఆపేవోళ్ళేగా అమ్మా.
ఆపేలోపు చెప్పేసే అలవాటు."

రసీదు పుస్తకం తీశా.
పెళ్ళి, చావు, మీటింగు. అచ్చేసిన గడులు మూడే.
దేంట్లో రాయాలో తెలీక ఆ కాగితం అట్టాగే ఉంచా,
ఇంకా పుస్తకంలోనే ఉంది.

జూన్‌లో మంచి ముహూర్తం.
నల్లపాడులో పెళ్ళికి ఆ గుడ్డలే పోయాయి.
కుర్రాళ్ళు కట్ట విప్పి ఎర్ర షామియానా దులిపారో లేదో
పెళ్ళికొడుకు పెదనాన్న
గట్టిగా
తుమ్మాడు.