రెండు తక్కువ నలభై

మిసన్లోకి పోయినవి
బొటనేలు సగమూ, సూపుడేలూ, దాని పక్కదీ.
హార్బర్లో అయిసు దిమ్మలు నూరే మిసను.
ఓనరు ముందు ఎర్రబడ్డ అయిసంతా
సముద్రంలో పారబోయించి
తరవాత ఆటో పిలిసేడు.

సచివాలయంలో గుంట మంచిదే.
బొటనేలు పెట్టమంది.
పెట్టేను, ఉన్నంత.
పెట్టె ఎర్రగా మెరిసి కీసుమంది.
"ఇంకోపాలి గట్టిగా నొక్కమ్మా."
ఏటి నొక్కను?
ఏలు లేదని రాయించుకోడానికొస్తే
ఏలు తెమ్మంటంది పెట్టె.
ఎడం సెయ్యిచ్చేను. ముప్పయ్యేళ్ళు రొయ్యలొలిసిన సెయ్యి,
గీతలు ఉప్పు తినేసింది.
ఆకరికి కళ్ళు సూపించమంది.
కళ్ళు పనికొచ్చేయి.

స్లాటన్నారు. స్లాటంటే తారీకంట.
మనవడి ఫోనుకొస్తాదన్నారు.
ఆడు ఆటలాడుకోడానికి సోటు సాల్లేదని
మెసేజీలన్నీ తుడిసేసే రకం.
మూడు నెల్లు ఆ ఫోను
నా తలగడ కిందే పడుకుంది,
జొరమొచ్చిన పిల్లలాగ
గంటకోపాలి తడిమి సూసుకునీదాన్ని.

కేజీహెచ్ ఎత్తెక్కాల.
కాళ్ళు లేవని సెప్పుకునీవోళ్ళూ అదే ఎత్తెక్కాల.
మా ముందు పెందుర్తి ముసిలాయన
పేరు మూడుసార్లు పిల్సినా పలకలేదని
అటెండరు సేత తిట్లు తిన్నాడు.
సెవుల బల్ల కాడ.
ఎవులూ నవ్వలేదు. కాసేపాగి
ఆయనే నవ్వేడు,
మా మొకాల్లో ఏటి సూసేడో.

డాట్రు కుర్రోడు. కళ్ళు ఎర్రగున్నాయి, రాత్రి డూటీ కాబోలు.
ప్లాస్టిక్కు బద్ద పెట్టి ఏలెంత ఒంగుతాదో కొలిసేడు,
గుడ్డ ముక్క కొలిసినట్టు.
పెన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.
గుండీ పెట్టమన్నాడు. పెట్టేను.
తాడిచ్చి ముడెయ్యమన్నాడు.

ముడి!
మా అయ్య వలలల్లీవోడు.
నాకు నడకా ముడీ ఒకేపాలి ఒచ్చేయంటాది మాయమ్మ.
మిగిలిన రెండేళ్ళూ, ఆ మొద్దు బొటనేలూ,
పంటి సాయం కూడా తీసుకోకుండా
ఏసేను వల ముడి,
ఇగ్గితే బిగిసీది, కొస లాగితే ఊడీది.
"భలే ఏసేవమ్మా" అన్నాడు డాట్రు.
నాను నవ్వేను కూడానూ.
మిసను కాడ పడిపోయిన కాణ్ణుంచీ
నన్నెవులైనా మెచ్చుకోడం అదే.

కాయితమొచ్చింది.
ముప్పై ఎనిమిది.
పింఛనుకి నలభై కావాల.

నా ఎనకాల నిల్సున్న కొయిలాడ సన్యాసమ్మ
నెత్తి కొట్టుకుంది:
"ఓలమ్మా, ఎవులెయ్యమన్నారే ముడి?
సెయ్యి వొణకాల. పెన్ను జారిపోవాల.
నీ పనితనం కాదే ఆలు రాసుకునీది!"

ఆ రెండూ ఎక్కడ పోయేయో
కొండ దిగుతా లెక్కేసుకున్నాను.
ముడిలో ఉన్నాయి.
డాట్రు సేతిలోనే ఒగ్గేసి ఒచ్చేను.

మల్లీ అర్జీ ఎట్టేం.
రాత్తిళ్ళు అందరూ పడుకున్నాక
ఈ సేతికి సదువు సెప్తన్నాను:
గలాసు ఎత్తు. ఇప్పుడొగ్గేయ్.
ఒగ్గదు.
ఒగ్గదే!
ఆరు నెల్లు ఏడిపించి ఏడిపించి నేర్పించేను దీనికి,
తాళం, జాకెట్టు హుక్కు, కోడలు సూడకుండా అన్నం ముద్ద.
ఇప్పుడు పాడైపొమ్మంటే
దానికేటి అర్దమవుతాది?

నిన్న తెల్లారగట్ల, బోట్లు కదిలే ఏళకి
ఫోను గుర్రుమంది.
తలగడ కింద్నుంచి జారింది.
నాను లెగిసేలోపు,
నేల తగిలేలోపు,
పట్టీసింది,
కుడి సెయ్యే.

కొత్త తారీకు ఒచ్చిందంట. మనవడు సదివేడు.
నాను సేతికేసి సూసేను, తిడదామని.
రెండేళ్ళూ ఫోన్ని ఇంకా
ఒదల్లేదు.