పెసరట్టు టోకెను

మల్కాపురంలో, షిప్‌యార్డుకెళ్లే రోడ్డు మీద
మా టిఫిన్ కొట్టు.
పెనం మా ఆయనది, గల్లాపెట్టె నాది.
ఏడు కొట్టేసరికి హెల్మెట్లన్నీ వరసలో ఉంటాయి,
ఏడున్నరకి ఒక్కటీ ఉండదు.
ఆ అరగంటలోనే మా బియ్యం, మా మినప్పప్పు,
పిల్లదాని ట్యూషన్ ఫీజు.

అందుకే నాకు మొహాలు చూసే అలవాటు లేదు.
చెయ్యి చూస్తాను, నోటు చూస్తాను,
మాట సగంలో ఉండగానే టోకెను చింపేస్తాను.
సన్నాసమ్మ చెయ్యి మిషనే అంటారు జనం.
పొంగిపోయేదాన్ని.

అతను మొదటిసారి వచ్చినప్పుడు
"పె... పె..." అన్నాడు.
పెదాలు అతుక్కుపోయాయి.
మెడ మీద నరం తాడులా లేచింది.
వెనక ఎవడో నవ్వాడు.
"కానీ గురూ, సైరను మోగిపోద్ది" అన్నాడు ఇంకొకడు.
సాయమే అనుకున్నాను నేను,
నిజంగా సాయమే అనుకున్నాను:
"పూరీనా బాబూ?"
తల ఊపేశాడు.
స్తంభం పక్కన, గోడ వైపు తిరిగి తిన్నాడు.

మర్నాటి నుంచి "ఇడ్లీ" అన్నాడు.
ఊపిరితో పాటు జారిపోయింది ఆ మాట.
హమ్మయ్య, నయమైపోయినట్టుంది అనుకున్నాను.

నాలుగు నెలలు ఇడ్లీయే.

కార్తీకంలో తుపాను పట్టింది.
సగం మంది డ్యూటీకి రాలేదు.
టార్పాలిన్ మీద వాన తప్ప
అతని వెనక ఎవరూ లేరు.
బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు.
"పె..."
నా నాలిక చివర పూరీ సిద్ధంగా ఉంది.
ఎందుకో మింగేశాను.
చలికి బద్ధకమేమో, మంచితనమని చెప్పలేను.

డాల్ఫిన్స్ నోస్ కొండ కింద
ఇరుకు కాలవలోకి పెద్ద ఓడ తిరగడం చూశారా?
గట్టు మీంచి మనం అరిస్తే తిరగదు.
దాని బరువు దానికి తెలుసు.

ఒక ట్యాంకరు లారీ పోయింది.
రేకు మీంచి కారే నీళ్లకి బకెట్టు సగం నిండింది.
"పె... పెసరట్టు" అన్నాడు. "అల్లం ఎక్కువ."
ఆ తర్వాత మెల్లగా,
"ఇడ్లీ నాకు చిన్నప్పట్నుంచీ పడదక్కా."

నాలుగు నెలలు!
ఆకలికి కాదు, అక్షరానికి తిన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక
పిల్లదాన్ని లేపి అట్ట మీద బొమ్మలు వేయించాను:
అట్టు, పూరీ, ఉప్మా, గారె.
వేలు పెడితే చాలు, నోరు నొప్పించక్కర్లేదు.
అతను బొమ్మల్ని మెచ్చుకున్నాడు,
అట్టని బోర్లా తిప్పేశాడు.
"చె... చెప్తానక్కా."

అట్ట వృథా పోలేదులెండి.
పక్షవాతం వచ్చిన వాచ్‌మన్ తాత
దాని మీద టకటకా కొట్టి ఉప్మా అడుగుతాడు,
ఆలస్యమైతే ఇంకా గట్టిగా కొడతాడు.
ఎవరికేం కావాలో వాళ్లనే అడగాలని
నాకు నలభై ఏళ్లకి తెలిసింది.

ఇప్పుడు వరసలో ఎవడైనా
అతని మాట అందుకోబోతే
టోకెన్ల కట్ట మీద చెయ్యి పెట్టేస్తాను.
"నీ వంతొచ్చినప్పుడు నీది చెబుదువు గాని."
సైరను మోగితే మోగుద్ది.

మొన్న ఖాతా రాయడానికి పేరడిగాను.
"దా... దా..."
తననే పిలుస్తున్నాడనుకుని
రోడ్డు మీద పోయే కుర్రాడొకడు ఆగాడు.
నేను పెన్ను ఎత్తి పట్టుకునే ఉన్నాను.
"దాలినాయుడు."
దీర్ఘాలతో సహా రాసుకున్నాను.

నిన్న జనం మరీ ఎక్కువ.
అతని వంతు వచ్చింది.
మొదటి అక్షరం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.
వరసంతా నిలబడింది,
అట్లకాడ ఎత్తి మా ఆయనా నిలబడ్డాడు.
"పెసరట్టు."
ఎక్కడా తెగకుండా, నిండుగా,
రూపాయి బిళ్లలా మోగింది గల్లాపెట్టె మీద.

లోపలికి చూశాను.
మా ఆయన ఖాళీ గిన్నె వంచి చూపించాడు.

ఆ సంగతి ఇతనికి చెప్పాలి నేను.
"పి... పి..." అన్నాను.
పిండి అనే మాట గొంతులోంచి పెగల్లేదు.

దాలినాయుడు నా మొహంలోకే చూస్తూ ఆగాడు,
తొందరపెట్టకుండా,
మాట అందించకుండా.