పసుపు చీటీ

రాత్రి ఏడున్నరకి
సూపర్‌మార్కెట్లో గ్రేమ్ చీటీల మిషన్ పట్టుకుని బయల్దేరతాడు.
మేం నలుగురైదుగురం ట్రాలీలు అటూ ఇటూ తోస్తూ
ఇంకేదో వెతుకుతున్నట్టు నటిస్తాం.
రొట్టె మీద పసుపు చీటీ, పెరుగు మీద పసుపు చీటీ,
తెల్లారితే వాడిపోయే పాలకూర మీద పసుపు చీటీ.
పసుపు శుభమని ఎవరన్నారో గానీ
హార్టిల్‌పూల్‌లో కూడా ఆ మాట చెల్లుతోంది.

గోడౌన్లో హరగోపాల్ షిఫ్టులు
వారానికి ఐదు ఉండేవి, రెండయ్యాయి.
ఫోన్‌కి మెసేజ్ వస్తే పని. రాకపోతే లేదు.
దిండు కింద ఫోన్, ఫోన్ మీద చెయ్యి,
అలాగే నిద్రపోతాడు.

మంచం ఉన్నంత మేరే కాళ్లు చాపుకోవాలంటారు.
మా మంచం జనవరిలో అరవై పౌండ్లకి అమ్మేశాం.
ఇప్పుడు నేల మీద పరుపు,
కాళ్లు ఎంతైనా చాపుకోవచ్చు.
చెక్కపలకల సందుల్లోంచి చలి వస్తుంది,
అది వేరే సంగతి.

అన్నం ఒక్క పొంగు రాగానే గ్యాస్ కట్టేసి
గిన్నెని పాత బొంతలో చుట్టి మూల కూర్చోబెడతాను.
ముప్పావుగంటలో తనంతట తనే ఉడుకుతుంది.
"అన్నానికి జ్వరమా?" అంది పిల్లది,
గిన్నె పక్కన చేరి
తన పాదాలు కూడా బొంతలోకి దూర్చి.

మీటర్లో మూడు పౌండ్ల ఎనభై పెన్నీలు.
దానివైపు చూడకపోవడం కూడా పొదుపే అనుకున్నాను కొన్నాళ్లు.
కాదు.

ఒక శనివారం పక్కింటి డోరీన్ తలుపు తట్టింది.
"రాత్రి తూర్పుగాలి. సముద్రం బొగ్గు తెచ్చి ఉంటుంది.
మీ ఆయన ఖాళీయేగా?"
ఖాళీ అన్న మాటకి హరగోపాల్ మొహం ముడుచుకుంది.
అయినా వెళ్లాడు,
పోయిన ఆమె మొగుడి తుప్పు సైకిల్ నడిపించుకుంటూ.

అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి గీత,
ఎవరో కాటుక దిద్దబోయి చెయ్యి జారినట్టు.
ఎనభై నాలుగు సమ్మెలో
ఏడాది పొడుగునా ఈ గీతే తన పొయ్యి వెలిగించిందంది డోరీన్.
రాయో బొగ్గో కంటికి తెలీదు.
చేతిలోకి తీసుకోవాలి.
తేలిగ్గా ఉంటే బొగ్గు.

రెండు గోనెలు నింపుకుని
మోచేతుల దాకా నల్లగా, ఈల వేసుకుంటూ వచ్చాడు.
ఫోన్ దిండు కిందే ఉంది.
పదకొండుకి మెసేజ్ వచ్చింది.
పదకొండూ నాలుగుకి ఆ షిఫ్టు ఇంకొకరిదైంది.

నేను అనకూడనివి అన్నాను.
బొగ్గుతో ఇల్లు నడుస్తుందా అన్నాను.
మా ఇంట్లో అసలు పొయ్యే లేదని
అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

పొయ్యి డోరీన్‌ది.
సాయంత్రం గోనెలు అక్కడే దింపాం.
బొగ్గు చిటపటలాడింది, ఉప్పు వాసన వేసింది.
నేను బొంతతో సహా అన్నం గిన్నె తీసుకెళ్లాను,
పసుపు చీటీ పాలకూరతో చేసిన పప్పు కూడా.
డోరీన్ స్పూన్‌తో తిని
కారానికి ముక్కు తుడుచుకుని
మళ్లీ పెట్టమంది.
తర్వాత హరగోపాల్ మేజోడు లాక్కుని
చిరుగులోకి చెక్క గుడ్డు దూర్చి
అడ్డంగా నాలుగు పోగులు, నిలువుగా నాలుగు,
నాకు నేర్పింది. నా మొదటి అతుకు
ఉండలు కట్టింది. అతను అదే వేసుకున్నాడు,
కుంటుతూ.

రాత్రి లెక్కల పుస్తకంలో రాశాను:
గ్యాస్, అన్నం పొంగుకి మాత్రమే.
పోయిన షిఫ్టు, ఎనభై ఎనిమిది పౌండ్లు.
డోరీన్‌కి బాకీ, ఒక గిన్నె పప్పు, వచ్చే శనివారం.
సముద్రం అని రాసి
పక్కన గడి ఖాళీగా వదిలేశాను.

పుస్తకం మూస్తుంటే
పేజీ మీద నల్లటి వేలిముద్ర.
నాదో అతనిదో.