నలభై రెండో పేజీ

శనివారం పదింటికి తాళం నేనే తీస్తాను.
వానకు ఉబ్బిన చెక్క తలుపు
భుజంతో ఒక్క తోపు తోస్తే గానీ లొంగదు.
చిలీ దక్షిణపు కొసన, మా ఊళ్ళో
వాన ఆగిన రోజే వార్త.
అయినా ఇళ్ళన్నీ కర్రవి, పొయ్యిలన్నీ కట్టెలవి.
నిప్పుకు ఇక్కడ ప్రతి గడపా చుట్టాలిల్లే.

మ్యూజియం అంటే పాత గుర్రాల కొట్టం.
టికెట్ లేదు. వాకిట్లో ఒక తోలు బక్కెట్టు,
తోచినంత చిల్లర.
జీతగాళ్ళూ లేరు: రొట్టెల బట్టీ వలెంతీన్,
పళ్ళ డాక్టరు ఒర్తెన్సియా, నేను.
వాళ్ళిద్దరూ ఇప్పటికీ మంటల మీదికి వెళ్తారు.
నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చాయి, గొంతు మిగిలింది.

ఇత్తడి నాజిళ్ళను నిమ్మచెక్కతో, బూడిదతో తోముతాం.
బూడిదకు మాకెప్పుడూ కరువు లేదు.
చేతిపంపు చూపిస్తాను, అటు నలుగురు, ఇటు నలుగురు.
పిల్లలు కొడితే గాలి దగ్గుతుంది.
సొట్టపడిన హెల్మెట్ చూపిస్తాను:
దూలం పడ్డా బతికాడు, మా చెల్లెల్ని చేసుకున్నాడు,
రెండోదే పెద్ద దెబ్బ అనేవాడు.

అద్దాల పెట్టెలో కాల్స్ రిజిస్టరు.
ఎప్పుడూ నలభై ఒకటో పేజీయే తెరిచి ఉంటుంది.
పశువుల సంతలో మంట, ఎవరికీ ఏమీ కాలేదు.
ముత్యాల్లాంటి దస్తూరీ. నాదే.
ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ దగ్గర కూర్చున్నాను.

ఈరోజు ఒక పిల్ల, ముందుపళ్ళు ఊడినది,
ముక్కు అద్దానికి ఆనించి అడిగింది:
"తర్వాతి పేజీలో ఏముంది?"

అప్పుడే సైరన్.
వలెంతీన్ మాట మధ్యలో వదిలేసి పరిగెత్తాడు,
ఒర్తెన్సియా కోటుకు ఒక చెయ్యే తొడిగింది.
పంపు మీద కాఫీ కప్పులు పొగలు కక్కుతూ అలాగే.

ఏ వీధో అని చెవులు రిక్కిస్తాను, అలవాటు.
ఇప్పుడు ఫోన్లలోకే పటం వస్తుందట.
ఆ రాత్రి పటం లేదు. వాన, తీగలో గరగర,
ఏడుస్తున్న ఒక గొంతు.
వాళ్ళన్నది ఒక వీధి, నేను విన్నది ఇంకొకటి.
ఇల్లు ఏటి ఒడ్డున, బండి కొండ మీదికి.
ఏడు నిమిషాలు.
ఎవరూ నన్నేమీ అనలేదు.
అన్నా బావుండేది.

తాళాల గుత్తిలో అన్నిటికన్నా చిన్నది ఈ పెట్టెదే.

నలభై రెండు.
కొట్టేసిన ఒక వీధి పేరు, దాని పైన మరో పేరు,
టైము, కింద ఇద్దరు మనుషులు.
దస్తూరీ మాత్రం ఎక్కడా వణకలేదు,
అవే ముత్యాలు.

"ఇక్కడెందుకు కొట్టేశారు?"
కూర్చో, అన్నాను,
బండి ఏ వైపు తిరిగిందో
ఇంకా వింటూనే.