కుడి మలుపు

డాక్టరు నా పిక్క పట్టుకుని ముందుకు లాగాడు.
మోకాలు సొరుగులా తెరుచుకుంది.
కుడికాలు అలా కాదు, లాగితే టక్కున ఆగుతుంది.
ఎడమకాలికి ఆ టక్కు పోయింది.
"పూర్తిగా తెగింది" అన్నాడు, స్క్రీను మీద
నల్లటి తీగ ఉండాల్సిన చోట బూడిదరంగు మసక చూపిస్తూ.

మంచు మీద పడ్డావా అని అందరూ ఒకటే అడగడం.
అంత గొప్పగా ఏం పడలేదు.
ఆగస్టు వానలో, చిలకలగూడ దగ్గర,
నీళ్ల కింద కనపడని మ్యాన్‌హోల్ అంచు.
పాదం అక్కడే ఉంది, నేను తిరిగాను.
చెవికి వినపడింది, గోరుచిక్కుడు విరిచినట్టు.

అప్పటికే ఎల్‌టీసీ మంజూరైంది.
నలభై ఏడేళ్లకి, బీమా ఆఫీసు కౌంటరు వెనక నుంచి లేచి
మూడో ఏడాది గుల్మర్గ్.
ఇనప కీళ్ల బ్రేసు ప్యాంటు లోపల దాచుకుని వెళ్లాను జనవరిలో,
దొంగసరుకు మోసినట్టు.

అక్కడ జరిగింది డాక్టరుకి కూడా చెప్పలేదు.
స్కీల మీద కుడికి తిరగాలంటే
బరువు ఎడమకాలి మీద వేయాలి.
వేయలేక, వాలు అంచుదాకా అడ్డంగా జారి, ఆగి,
ఒక్కో కాలూ ఎత్తి తిప్పుకుని
మళ్లీ అడ్డంగా,
బేగంబజార్ సందులో లారీ తిప్పుకున్నట్టు
ఆరు రోజులు.
ముష్తాక్ ఏమీ అనలేదు. కింద నిలబడి
కర్రతో మంచు మీద ఒక గీత గీసేవాడు,
నేను దాటని గీత.

ఏడో రోజు దాటాను.
ఒకే ఒక్క కుడి మలుపు.
మోకాలు ఆగిందో, తొడ ఆపిందో,
భయమే గట్టిపడి ఎముకైందో తెలీదు.
బట్టలకొట్లో తానులోంచి గుడ్డ చింపినట్టు
కాళ్ల కింద ఒక సర్రుమన్న చప్పుడు.
అంతే.

ఇప్పుడు మార్చి. ఎండలు ముదురుతున్నాయి.
తొడ వెనక నుంచి ఒక పోగు తీసి మోకాల్లో బిగిస్తారట.
చిన్నప్పుడు మా నాన్న నవారు మంచం బిగించినట్టే,
కాకపోతే ఈ మంచం మీద తొమ్మిది నెలలు ఎవరూ గెంతకూడదు.
బాలమణి క్యాషు లెక్క ఆపి మరీ అంది:
"మంచిగున్న తొడను కోసి మోకాలికి వెడ్తరా?
గిదేం బేరం అక్కా, పైంగ లక్షా ఎనభై వేలు?"
డాక్టరేమో, "మామూలు జీవితానికైతే అవసరం లేదమ్మా" అన్నాడు.
మామూలు జీవితం అనే మాట
ఆటోలో తార్నాక దాకా నా ఒళ్లో కూర్చుని వచ్చింది.

కెజియా క్లినిక్కు మౌలాలిలో, రెండో అంతస్తు.
కిటికీలోంచి గుట్ట.
ఒంటికాలి మీద నిలబెట్టి
ఏదైనా కదలనిదాన్ని చూడమంటుంది.
గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు,
మధ్యలో ఏ ముడీ లేదు, నవారూ లేదు,
ఎన్ని వానలు చూశాయో.
"అవి నిలబడలేదా?" అన్నాను.
"నిలబడ్డాయి. వాటికి గుల్మర్గ్ పోవాలని లేదు కదక్కా.
ముప్పై రెండు, ముప్పై మూడు, కాలు దించకండి."

తర్వాత నేల మీద సుద్దముక్కతో గీత.
ఒంటికాలితో గెంతాలి. మంచికాలు నూరైతే
చెడ్డకాలు తొంభై రావాలి.
వస్తే కత్తి లేకుండా ఆలోచిద్దాం అంది.
తొక్కుడుబిళ్ల ఆడి ముప్పై అయిదేళ్లు దాటింది నేను.
డెబ్భై ఒకటి వచ్చింది.

గురువారం డాక్టరుకి మాట చెప్పాలి.
సంతకం పెట్టని కాగితం ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు కింద.
రాత్రి పదకొండుకి హాల్లో చాప చుట్టేసి
గీత గీసుకుని గెంతుతుంటే
బెల్లు మోగింది.
కింది ఫ్లాటు షాహెదా, నిద్రకళ్లతో:
"ఏం దంచుతున్నారండీ ఈ టైముకి?"

తలుపు వదిలేసి
ఎడమకాలి మీదే నిలబడి ఉన్నానని
ఆమె నా కాళ్ల వైపు చూశాకే గమనించాను.

"డెబ్భై నాలుగు" అన్నాను.