పర్మిషన్

ఫహాహీల్ సందులో జిలానీ బాషా కుట్టుమిషను కొట్టు.
బయట యాభై డిగ్రీలు.
లోపల ఏసీ నీళ్లకు పెట్టిన బకెట్టు,
కాలర్లు వేయాల్సిన స్కూలు చొక్కాలు,
బాబిన్ల డబ్బా పక్కన పాత కంప్యూటరు.

"చూడబ్బీ, దీనికేందో పట్టింది."

ఎంబ్రాయిడరీ పువ్వొకటి ఊరికే వస్తాదని దించుకున్నాడంట.
అప్పట్నుంచీ కింద మూలన టింగు, టింగు.
మీకు కారు తగిలింది.
మీ కంప్యూటర్లో పదమూడు వైరస్‌లు.
ఒంటరిగా ఉన్నారా?
ఒక భుజం కొలత రాసుకునేలోపల మూడు.

"అలౌ నొక్కినావా?"

"నొక్కినా.
పదారేండ్లాయె ఈ దేశమొచ్చి.
నన్ను పర్మిషన్ అడిగింది
అదొక్కటే కదబ్బీ."

నేనేం మాట్లాడలేదు.
సెట్టింగులు తెరిస్తే
నలభై ఒక్క సైట్లు, ఒక్క పేరూ నోరు తిరగదు.
ఒక్కోటీ తీసేస్తుంటే
తప్పు కుట్టు విప్పేటప్పటి చూపుతో
నా వేలినే చూస్తున్నాడు:
"మెల్లిగా. గుడ్డ చిరగ్గూడదు."
కూపన్లిస్తానని చేరిన ఎక్స్‌టెన్షను పీకేశాను.
ఎవరు పెట్టారో తెలీని ప్రోగ్రామొకటి, అదీ.
స్కాను నడుస్తుండగా సులేమానీ తాగాం.

మూల ఖాళీ అయింది.
పువ్వు తెరిస్తే ఏడే రేకులు,
ఎనిమిదోదానికి డబ్బులంట.

ఇంకోచోట వెతకబోతే
వచ్చింది మళ్లీ, చిన్న డబ్బా:
నోటిఫికేషన్లు పంపొచ్చా?

జిలానీ కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చుకున్నాడు.
అకామా కౌంటర్లో కూచున్నోడిలా
తలెత్తకుండా, తొందరపడకుండా
"బుక్రా" అన్నాడు,
బ్లాక్ నొక్కాడు.